మనిషి కంటే ముందు వెళ్ళిన బ్యాగు

మా ఇంట్లో నన్ను కాలుగాలిన పిల్లి అంటారు. అననివ్వండి, ఊళ్ళు తిరిగొచ్చి చదివేవాళ్ళ కోసం వాటి గురించి రాయడం నాకు సరదా. తాడేపల్లిగూడెంలో మాది ఉల్లిపాయల వ్యాపారం. తెల్లారితే లారీలు, బస్తాలు, దుమ్ము, మధ్యాహ్నం ఇంటికి భోజనానికొచ్చే రైతులు, సాయంత్రం మళ్ళీ కొట్టు. రెండు నెలలు వరసగా ఊరు కదలకపోతే ఎవరి మీద విసుక్కుంటున్నానో నాకే తెలియదు. ఈ మార్గశిరంలో సరిగ్గా ఆ స్థితిలో ఉండగా కనక ఫోన్ చేసింది. ఇంటర్‌లో మేమిద్దరం ఒకే బెంచీ. పెళ్ళయి కొల్లేటి లంక ఊరొకదానికి వెళ్ళి, అక్కడే ఆశా కార్యకర్తగా చేస్తోంది. అంటే ఊళ్ళో ఎవరు కడుపుతో ఉన్నారు, ఏ పసిబిడ్డకి టీకా వేయించాలి, ఎవరు మందులు మానేశారు అని ఇల్లిల్లూ తిరిగి చూసుకునే మనిషి. "గూడబాతులు గుంపులు గుంపులుగా దిగాయే. ఈసారైనా రా. నీ ఉల్లిపాయలు రెక్కలొచ్చి ఎగిరిపోవులే" అంది. మంగళవారం వస్తానని అప్పటికప్పుడే చెప్పేశాను.

మంగళవారం అనగానే మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. "మంగళవారం పూట ప్రయాణమేమిటమ్మాయ్? సోమవారం వెళ్ళు" అన్నారు. సోమవారం సరుకు దిగుతుంది, కుదరదన్నాను. "అయితే ప్రస్థానం పెట్టు" అన్నారు. తెలియనివాళ్ళకి చెబుతాను. మంచిరోజున మనిషి బయలుదేరలేకపోతే, ఆ మనిషి బట్టల సంచీలో నాలుగు అక్షింతలు వేసి ఆ రోజున వేరే ఇంటికి చేరుస్తారు. సంచీ గడప దాటిందంటే ప్రయాణం మొదలైనట్టే. తరవాత మనిషి తీరిగ్గా వెళ్ళొచ్చు. అలా సోమవారం సాయంత్రం నా బ్యాగు పక్కింటికి ప్రయాణమైంది. ఫోన్ ఛార్జర్ అందులోనే ఉండిపోయింది. వెళ్ళి తెచ్చుకుంటానంటే, "వెనక్కి తెస్తే ప్రస్థానం చెడిపోతుంది" అని అత్తగారు అడ్డం పడ్డారు. సగం ఛార్జింగుతో, నిండు కోపంతో పడుకున్నాను. మర్నాడు పొద్దున పక్కింట్లోంచి బ్యాగు అందుకుని నేరుగా స్టేషనుకి నడిచాను.

కొల్లేరు చూడాలనుకునేవాళ్ళు పొద్దున్నే బయలుదేరడం మంచిది. గూడెం నుంచి ఏలూరికి ఉదయం పూట రైళ్ళకి లోటు లేదు. గంటలోపే దింపుతాయి, జనరల్ టికెట్టు యాభై రూపాయల లోపే. ఏలూరు స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కి బస్టాండుకి వెళితే కైకలూరు వైపు పల్లెవెలుగు బస్సులు దొరుకుతాయి. ఆడవాళ్ళకి ఇప్పుడు ఆ బస్సులో డబ్బులు అక్కర్లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఊరు దాటాక కొంతదూరం రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంటుంది, బస్సు రెండో పక్కనే నెమ్మదిగా పోతుంది. నాకేమో కాళ్ళు జివ్వుమంటున్నాయి. "కొంచెం తొందరగా పోనిద్దురూ" అంటే డ్రైవర్ అద్దంలో నన్ను చూసి, "వడ్లు తొక్కితే రైతు నన్ను తొక్కుతాడండి" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పొలాలు అయిపోయాక చెరువులు మొదలవుతాయి. కొల్లేరంటే చూపు ఆనినంత మేరా నీళ్ళే అనుకుని వచ్చేవాళ్ళు ముందు కాస్త నిరాశపడతారు. కనిపించేవి మట్టిగట్లు, గట్ల మధ్య చేపల చెరువులు, మేతకని వెదురుకర్రలకి వేలాడదీసిన తవుడు సంచులు, ఐసు పెట్టెల లారీలు. ఏ గట్టు ఎవరిది, ఏది కొల్లేటిలోకి చొరబడింది అన్న తగువు బస్సులో కూడా నడుస్తూనే ఉంటుంది. కిటికీలోంచి దూరంగా తుంగల మీద తెల్లగా ఏవో కదిలాయి. గూడబాతులేనని, అంటే పెలికన్లేనని, పక్కనున్నావిడ చెప్పింది. ఆ రోజుకి నేను చూసిన పక్షులు అవే అవుతాయని అప్పుడు నాకు తెలియదు.

దిగేసరికి పది కావస్తోంది. కనక బస్సు ఆగేచోటే ఉంది. ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. నన్ను చూసి "వచ్చావా, పద" అని నడక మొదలుపెట్టింది. టీ లేదు, ఎలా ఉన్నావన్న మాట లేదు. పక్షులు అటు కదా అంటే, "పక్షులు ఎక్కడికీ పోవు. నాకు ఒక మనిషి పోయింది" అంది. నాకు చుర్రుమంది. అయినా వెనకాలే నడిచాను, ఎందుకంటే ఆ మాట పక్కనున్న నాకే వినీ వినబడనట్టు అంది. మామూలుగా కనక నోరు విప్పితే వీధి చివరిదాకా వినబడుతుంది.

నడుస్తూనే చెప్పుకొచ్చింది. సుజాత అని ఆ ఊరి కోడలు. పుట్టిల్లు మా గూడెం పక్కనే పెంటపాడు. తొలికాన్పు. ఏడో నెలలో బీపీ ఎక్కువగా ఉందని డాక్టరుగారు మాత్రలు రాశారు, వారం వారం చూస్తూ ఉండమన్నారు. ఇంతలో సీమంతం చేసి, గాజులు తొడిగి, తొలికాన్పు కదా అని పుట్టింటికి పంపేశారు. "ఇక అక్కడి ఆశా చూసుకుంటుందిలే అని నేను మిగతా ఇళ్ళ మీద పడ్డానే. ఇందాక పెంటపాడు ఆశా ఆవిడ ఫోన్ చేసి, మీ సుజాతకి బీపీ ఎంతుంటోందండీ, వచ్చేలోపు తెలుసుకుందామని, అంటోంది. అమ్మాయి అసలక్కడికి వెళ్ళనే లేదంట. ఇప్పుడు ఎనిమిదో నెల. ఫోన్ స్విచ్ ఆఫ్." చెప్పడం ముగిసేసరికి సుజాత అత్తారింటి ముందు ఉన్నాం. తాళం. గుమ్మం మీద దుమ్ము.

"నా కళ్ళతో చూశానే వెళ్ళడం" అని కనక తాళాన్ని పట్టుకుని లాగింది, అదేదో చెబుతుందన్నట్టు. "వాళ్ళ తమ్ముడు బండి మీద వచ్చి తీసుకెళ్ళాడు. బ్యాగుకి పసుపుగుడ్డ కట్టి ఉంది. వీధిలో అందరూ చూశారు. తెల్లారి ఇంటికి తాళం."

కొల్లేటి రోడ్డు మీద ఏడోనెల గర్భిణిని మోటారు సైకిల్ మీద ఎవరు తీసుకెళతారు? పొద్దుటినుంచీ నా బుర్రలో నలుగుతున్న ఆ దిక్కుమాలిన ఛార్జర్ అప్పుడు గుర్తొచ్చింది. "కనకా, నువ్వు చూసింది సుజాతనా, బ్యాగునా?" అన్నాను.

కనక తాళం వదిలేసింది. "బ్యాగునే" అంది.

నాకు తెలిసిన ప్రస్థానం సంగతి చెప్పాను. కనక పెంటపాడు ఆవిడకి మళ్ళీ ఫోన్ కొట్టి, సుజాత అమ్మగారిని కనుక్కోమంది. నేననుకున్నదే. ఏడో నెలలో మంచిరోజు చూసి బ్యాగు తెచ్చేసుకున్నారు. మూడు రోజుల్లో కారు మాట్లాడుకొచ్చి అమ్మాయిని తీసుకెళ్దామనుకున్నారు. ఈలోగా మబ్బు పట్టి, చెరువులో గాలి అందక చేపలు తలలు పైకెత్తాయని అల్లుడి దగ్గర్నుంచి కబురొచ్చింది. అలా తలలెత్తాయంటే ఉన్నపళాన పట్టి అమ్మెయ్యాలి, లేకపోతే చెరువంతా తేలిపోతుంది. ఆ గొడవ తేలేసరికి ఎనిమిదో నెల వచ్చేసింది. ఎనిమిదిలో ఆడపిల్లని పొలిమేర దాటించరు. ఇక తొమ్మిదిలోనే అనుకుని వాళ్ళు ఊరుకున్నారు. అత్తారింట్లో కనక ఉందిగా చూసుకోడానికి అని వాళ్ళ ధీమా. పుట్టింట్లో ఇంకొకావిడ ఉందిగా అని కనక ధీమా. మధ్యలో ఆ పిల్ల ఎవరి చూపులోనూ లేదు.

మరి ఎక్కడున్నట్టు? అది పెంటపాడువాళ్ళకీ తెలియదు. ఆ ప్రశ్నకి జవాబు రోడ్డు పక్కన ఆటో తుడుచుకుంటున్న శ్రీను దగ్గర దొరికింది. ఇతను చెరువులకి ఐసు, మేత తోలుతుంటాడు. కనక సుజాత పేరు చెప్పగానే, "ఆయ్, వాళ్ళు గట్టు మీద షెడ్డులోనే ఉన్నారు కదండీ. చేపల పట్టుబడి కూలోళ్ళకి వంట చేస్తన్నారండి. మొన్న పెద్దావిడ నాకు టీ కూడా ఇచ్చారు" అన్నాడు. మూడొందలకి మాట్లాడుకుని ఎక్కాం. ఆ గట్లమీద ఆటోలో వెళ్ళడం ఎవరికీ సిఫారసు చెయ్యను. రెండు పక్కలా నీళ్ళు, మధ్యలో ఎత్తుపల్లాల మట్టి. కనక కమ్మీ పట్టుకుని, "తొందరగా బాబూ" అంటుంటే, శ్రీను, "తొందరపడితే చేపలతోపాటు మనల్నీ పట్టాలండి" అని అదే నిదానంతో నడిపాడు. పొద్దున బస్సు డ్రైవర్ మీద వచ్చిన కోపానికి ఇప్పటి ఆదుర్దాకి పోలికే లేదు. అప్పుడు నా తొందర ఉత్తి తొందర.

రేకుల షెడ్డు ముందు పొయ్యి పొగలు కక్కుతోంది. అరవై దాటిన ఒకావిడ పెద్ద గిన్నెలో అన్నం కలియబెడుతోంది. సుజాత అత్తగారు, వెంకాయమ్మగారు. సుజాత లోపల నులకమంచం మీద కళ్ళకి అడ్డంగా చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. కనక వెళ్ళి కాలి మీద బొటనవేలితో నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"తల పగిలిపోతోంది అక్కా, రెండు రోజుల్నుంచి" అంది సుజాత. "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. పొయ్యి పొగేమో అనుకున్నాను."

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"బ్యాగులో వెళ్ళిపోయాయక్కా, ఫోన్ ఛార్జరూ అందులోనే. మూడు రోజులేగా, అక్కడికెళ్ళాక వేసుకోవచ్చులే అనుకున్నాను."

కనక సంచీలోంచి బీపీ మిషను తీసి చేతికి కట్టింది. అంకె చూసి నాకు చూపించలేదు. బయటికొచ్చి నర్సుకి ఫోన్ చేసింది, తరవాత 108కి చేసింది. "ఇంకో రోజు గడిస్తే ఫిట్స్ రావచ్చు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. గట్టు మీదికి అంబులెన్సు రావడం కుదరదు, రోడ్డు దాకా మనమే తీసుకెళ్ళాలి" అని నాతో నెమ్మదిగా అని, వెంకాయమ్మగారి దగ్గరికి వెళ్ళింది.

వెంకాయమ్మగారు గరిటె కింద పెట్టలేదు. "ఎనిమిదో నెలండి. పొలిమేర దాటించను. మా ఆడపడుచు ఎనిమిదో నెలలో దాటి బిడ్డని పోగొట్టుకుంది, నేను చూశాను. మావాడు చేపల లారీతో వెళ్ళాడు, వాడు లేకుండా నేను పంపనండి. డాక్టరునే ఇక్కడికి రమ్మనండి" అన్నారు. గొంతులో కాఠిన్యం లేదు, భయం ఉంది. కొడుకు ఫోనేమో అందడం లేదు. కనక బీపీ అంటే ఏమిటో, ఫిట్స్ అంటే ఏమిటో చెప్పింది. బతిమాలింది. తరవాత అరిచింది. అరిచేసరికి ఆ పెద్దావిడ ఇంకా బిగుసుకుపోయారు. లోపల్నుంచి సుజాత, "అత్తయ్యా, నాకు భయమేస్తోంది" అంటోంది. వెళ్ళడానికి భయమో, ఉండడానికి భయమో చెప్పలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గట్టు మీద అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాను. అప్పుడొక ఆలోచన వచ్చింది. ఎవరి మీద పొద్దుటినుంచీ మండిపడుతున్నానో ఆవిడకే ఫోన్ చేశాను. ఛార్జింగు ఎర్రగీతకి వచ్చేసింది. సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, స్పీకర్ పెట్టి ఫోను వెంకాయమ్మగారి ముందుంచాను.

"వదినగారూ, మాది తాడేపల్లిగూడెమండి" అన్నారు మా అత్తగారు, ఎదురెదురుగా పీట మీద కూర్చున్నట్టే. "ప్రస్థానం ఏ నెలలో పెట్టారండీ?"

"ఏడులోనేనండి. దశమి నాడు."

"మరింకేమండీ. మీ కోడలు ఏడో నెలలోనే బయలుదేరిపోయింది కదా. దారిలో మీ చెరువు గట్టు మీద ఆగింది, అంతే. బయలుదేరిన మనిషిని దారిలో ఆపకూడదండి వదినగారూ. అదీ దోషం."

వెంకాయమ్మగారు గరిటె గిన్నెలో వదిలేశారు. "నాకు తట్టలేదండి" అని కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "అవునండి, ఏడులోనే వెళ్ళింది" అని ఇంకోసారి తనలో తాను అనుకున్నారు. నా ఫోన్ ఆరిపోయింది.

సుజాతని ఎడమపక్కకి వాల్చి ఆటోలో పడుకోబెట్టాం. తల కనక ఒళ్ళో, కాళ్ళు వెంకాయమ్మగారి ఒళ్ళో. నేను శ్రీను పక్కన అంచు మీద వేలాడాను. ఈసారి ఎవరూ తొందర చెయ్యమనలేదు, శ్రీనే తొందరపడ్డాడు. మేం రోడ్డెక్కిన కాసేపటికి అంబులెన్సు వచ్చింది. నర్సు అప్పటికే అక్కడ నిలబడి ఉంది. ఒక ఇంజక్షన్ ఇచ్చి, ముగ్గుర్నీ ఎక్కించి ఏలూరు పంపేశారు. శ్రీనుకి మూడొందలు ఇవ్వబోతే, "ఇప్పుడొద్దండి. బిడ్డ పుట్టాక స్వీటు పెట్టండి" అని ఆటో తిప్పుకుని పోయాడు.

నేను వచ్చిన దారినే బస్సు, రైలు పట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరాను. దారంతా కనక మొహమే. అంబులెన్సు తలుపు వేసే ముందు ఒక్క మాట అంది. "ఇన్నేళ్ళుగా ఇల్లిల్లూ తిరుగుతున్నానే. ఈ ఒక్క గడప లోపలికి వెళ్ళి మనిషి ఉందా లేదా చూడలేదు." ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా అత్తగారిని అడిగాను, ప్రస్థానం పెట్టి అన్ని రోజులైనా చెల్లుతుందా అని.

ఆవిడ వత్తులు చేసుకుంటున్నారు. "చెల్లదు" అన్నారు.

"మరి?"

"ఆ పిల్లకి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయన్నావుగా" అని, వత్తి చివర నలిపి పక్కన పెట్టారు. "కాళ్ళు కడుక్కునిరా, అన్నం పెడతాను."

మా పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ పంచాంగం విషయంలో ఒక్క మెట్టు దిగడం నేను చూడలేదు. ఆ రోజు వడ్డించినంతసేపూ నోరెత్తకుండా తిన్నాను. ఇంట్లోవాళ్ళు నాకు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కనక ఫోన్. ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. బరువు తక్కువ, వెచ్చటి పెట్టెలో పెట్టారు, కానీ గట్టిగా ఏడుస్తోంది. సుజాత బీపీ దిగుతోంది, అత్తగారిని గుర్తుపట్టి మాట్లాడింది. కనక గొంతు మళ్ళీ వీధి చివరిదాకా వినబడేంత పెద్దదైంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "ఒక్కటే ఇబ్బందే. బిడ్డకి చుట్టడానికి మెత్తటి పాతగుడ్డ లేదు, సుజాతకి మార్చుకోడానికి చీర లేదు. వాళ్ళమ్మావాళ్ళు హడావుడిలో ఒట్టి చేతులతో వచ్చేశారు. అన్నీ..."

"బ్యాగులో ఉన్నాయి" అన్నాను.

గూడెం నుంచి పెంటపాడు షేర్ ఆటోలో పావుగంట. ఇంట్లో సుజాత నాయనమ్మ ఒక్కరే ఉన్నారు. దేవుడి గది గుమ్మం పక్కన, పసుపుగుడ్డ కట్టినది కట్టినట్టే, ఆ బ్యాగు కూర్చుని ఉంది. "ప్రస్థానం వెనక్కి పంపకూడదమ్మా" అని ఆవిడ నసిగారు. "వెనక్కి కాదండి, ఆవిడ ఉన్నచోటికే" అన్నాను. ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను. ఆసుపత్రిలో సుజాత మంచం మీదే ముడి విప్పింది. పైన అక్షింతలు, వాటి కింద మాత్రల అట్టలు ఒక్కటీ చింపకుండా, వాటి కింద చీరలు, అడుగున వాళ్ళమ్మ పాతచీర చింపి కుట్టిన బొంత. కనక మాత్రల అట్ట తీసి నర్సు చేతికిచ్చింది. బొంత పట్టుకుని వెంకాయమ్మగారు బిడ్డ దగ్గరికి వెళ్ళారు.

గూడబాతుల్ని నేను ఈ ఏడూ దగ్గరగా చూడలేదు. పక్షుల కోసం వెళ్ళేవాళ్ళు తెల్లవారుఝామునే చేరుకుంటే మంచిదట, అది కనక మాట. నాకు మిగిలింది వేరు. ఒకచోట నిలవలేక దేశాలు పట్టి తిరిగే నేను, కదలకూడదన్న భయంతో మంచానికి అతుక్కుపోయిన ఒక పిల్లని చూశాను. ఇల్లిల్లూ తిరగడమే పనైన కనక లాంటి మనిషికే ఒక బ్యాగు కళ్ళు కప్పగలిగింది. ఊళ్ళో అందరి ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండే ఆ ఒక్క మనిషికి మనం నోరు తెరిచి చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? నా ప్రయాణాల్లో ఇన్నాళ్ళూ హోటళ్ళ గురించి, బస్సుల గురించి సలహాలు రాశాను. ఈసారి ఒకటే రాస్తాను. మీ ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి పుట్టింటికి బయలుదేరుతుంటే, రెండు ఊళ్ళ ఆశా కార్యకర్తలకీ ఫోన్ చేసి చెప్పండి. బ్యాగు చేరినప్పుడు కాదు, అమ్మాయి చేరినప్పుడు.